మోకాలి మీద చెయ్యి

నడక కేంద్రం, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం
మార్చి

అక్కా,

క్షేమమని రాస్తే అబద్ధం. క్షేమంగా లేనని రాస్తే నీకు తెలిసిన సంగతే. అందుకని ఆ వాక్యం వదిలేస్తున్నాను.

ఫోన్ చెయ్యలేదని అనుకోకు. పక్షవాతం ఎడమ చెయ్యీ ఎడమ కాలూ తీసుకుని ఊరుకోలేదు, నోటిని కూడా ఒక పక్కకి లాగింది. మాట ముద్దగా వస్తోంది. నువ్వా, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఊరందరి మాటలూ చెవిలో మోసి మోసి, రిటైరైన రోజునే ఇంట్లో ఫోన్ పీకించేసిన మనిషివి. మనిద్దరికీ ఇక కాగితమే దిక్కు. కుడి చెయ్యి బాగానే ఉంది. చూశావుగా, అక్షరం వంకర పోలేదు.

నన్ను ఎవరి చేతుల్లో పెట్టారో తెలిస్తే నవ్వుతావు. నా పాత శిష్యురాలు. మా ఫిజియోథెరపీ వాళ్ళ సభలో నన్ను నలుగురి ముందు నిలదీసిన పిల్ల ఒకతె ఉందని చెప్పేవాణ్ణి, ఆవిడే. ఆ రోజు నేను ఒకటే మాట చెప్పాను. మనిషికి నడక నేర్పేది మనిషి చెయ్యి. మోకాలి మీద అరచెయ్యి వేసి కండలో కదలిక పట్టుకోలేనివాడు ఈ పనికి పనికిరాడు. ఆ విద్య ఇనుముకి రాదు అన్నాను. వెనక వరసలోంచి లేచింది. "చేతులు అలిసిపోతాయి సార్. మీరు ఒకర్ని నడిపిస్తుంటే మిగతావాళ్ళు గుమ్మం బయట బెంచీ మీదే కూర్చుంటున్నారు" అంది. జనం చప్పట్లు కొట్టారు. నా ఉపన్యాసానికి కొట్టినవాటికంటే అవి ఎక్కువసేపు మోగాయి.

ఇప్పుడు ఆవిడ ఈ కేంద్రానికి పెద్ద. నేను ఆవిడ పేషెంటుని. నేను చదివిన పుస్తకాలు ఒక గది నిండా ఉంటాయి, ఇంత చవకబారు మలుపు వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు.

యంత్రం అంటే బొమ్మ మనిషి అనుకునేవు. కాదు. రెండు కాళ్ళకీ బయటి వైపు లోహపు పట్టెలు, తుంటి దగ్గరా మోకాలి దగ్గరా మోటార్లు, వీపు మీద స్కూలు సంచీ అంత బ్యాటరీ. పడిపోకుండా పైకప్పు నుంచి ఒక బెల్టు. పట్టీలన్నీ బిగించేసరికి పార్శిల్ కట్టిన సామానులా తయారవుతాను. బటన్ నొక్కితే కాలు లేస్తుంది, వంగుతుంది, ముందుకు పడుతుంది. నేను కాదు, అది. ఎదురుగా తెర మీద అడుగు అడుగుకీ ఒక నిలువు గీత. నీలం యంత్రం వంతు, పసుపు మనిషి వంతు. మనిషి ఎంత చేస్తే యంత్రం అంత తగ్గి ఊరుకుంటుందట. నా గీత పైనుంచి కిందిదాకా నీలమే.

పక్క గోడకి నిలువెత్తు అద్దం ఉంది. "కిందికి చూడకండి, అద్దంలో చూడండి" అని ఉద్యోగమంతా పేషెంట్లని చంపుకుతిన్నవాణ్ణి. నేను మాత్రం ఆ వైపు తల తిప్పను. ఆ వంకర మూతి మనిషితో నాకు పరిచయం లేదు, చేసుకునే ఓపికా లేదు.

శిష్యురాలు చక్రాల స్టూలు మీద నా పక్కన కింద కూర్చుని ఏదో సర్దుకుంటూ ఉంటుంది. ఎడమ కాలి మీద ఈగ వాలినా ఇటుక పడినా నాకు తెలియదు కాబట్టి ఏం సర్దుతోందో కూడా తెలియదు. మొత్తానికి ఒక మనిషి చెయ్యి నా కాలికి తగిలింది లేదు.

ఒక పని మొదలుపెట్టాను. మా వృత్తి పత్రికకి వ్యాసం. పోయినసారి ఆ సంపాదకుడు నా వ్యాసంలో సగం కత్తిరించి, మిగిలినదాన్ని చివరి పేజీలో వేశాడు. ఈసారి నా ఒళ్ళే సాక్ష్యం. దేన్ని కత్తిరిస్తాడో చూస్తాను.

ఈ ఉత్తరం వార్డు ఆయాకి ఇస్తున్నాను. పోస్టు డబ్బా నడవా చివరే ఉంది, మంచం మీంచి కనిపిస్తూ ఉంటుంది. కనిపిస్తే ఏం లాభం.

తమ్ముడు


ఇల్లు, మేడ మీద గది
ఏప్రిల్

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం వంటింట్లోనే నిలబడి చదివేశా, టీ తాగుతూ. ఈమధ్య టీ కూడా పొయ్యి దగ్గరే తాగేస్తున్నాలే. కప్పు పట్టుకుని ఇల్లంతా ఎవరు తిరుగుతారు.

నువ్వు నడక నేర్చుకోడానికి వెళ్ళావా, వ్యాసం రాసుకోడానికి వెళ్ళావా? అది ముందు తేల్చుకో. నీ శిష్యురాలికి ఈపాటికి జుట్టు నెరిసి ఉంటుంది, ఇంకా "పిల్ల" ఏంటిరా. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో సగంమంది పోయి ఉంటారు. నీ చెవిలో మాత్రం ఇంకా మోగుతున్నాయి. ఒక మాట చెప్పనా, ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏముంది? నీ గుమ్మం బయట ఆ బెంచీ నేనూ చూశా.

అలిగావా? అలుగు. నీ మొదటి పేషెంటుని నేను, నాకు ఆ హక్కుంది. పోలియో కాలితో, తొడ మీద చెయ్యి నొక్కుకుంటూ ఇల్లంతా కుంటేదాన్ని. నిక్కరేసుకున్న వెధవ్వి, "చెయ్యి తియ్యక్కా, నేను పట్టుకుంటాగా" అని నా మోకాలి మీద నీ చెయ్యి పెట్టి వరండా ఈ చివర్నించి ఆ చివరికి నడిపించావు. తర్వాత క్యాలిపర్ వచ్చింది, ఇనుప కమ్మీలు మోకాలిని పట్టుకున్నాయి, నా చెయ్యి ఖాళీ అయింది. రెండు చేతుల్తో మొదటిసారి నీళ్ళ గ్లాసు తెచ్చింది నీకే. నువ్వు తాగకుండా దాన్ని పట్టుకుని వీధంతా చూపించొచ్చావు. క్యాలిపర్ కూడా ఇనుమే కదరా.

సరే, అసలు సంగతి. మా ఎదురింట్లో ఒక టైలరమ్మ ఉంది. కాలు చచ్చుబడుతోంది. ఇక్కడి పెద్దాసుపత్రిలో కూడా నువ్వు చెప్పే యంత్రం పెడుతున్నారట, ఒక్క కాలికి తొడుక్కునే తేలిక రకం. మొదటి విడతకి కొద్దిమందినే తీసుకుంటారు. ఆవిడకి చోటు ఇస్తామన్నారు. వానలు పడేలోగా సరేనో కాదో చెప్పాలి. ఇప్పుడు వదులుకుంటే మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఆవిడకి భయం. ఉన్న నాలుగు అడుగులు కూడా పోతాయేమోనని. "మీ తమ్ముడు ఆ పని చేసినవాడే, ఇప్పుడు ఆ యంత్రంలోనే ఉన్నాడు కదా, ఆయన ఏమంటే అదే" అంటోంది.

కాబట్టి ఆలోచించి రాయి. ఒక మనిషి కాళ్ళు నీ మాట మీద ఉన్నాయి.

అక్క


నడక కేంద్రం, రెండో అంతస్తు
మే

అక్కా,

అలగలేదు. అలగడానికి కూడా కాస్త బలం కావాలి.

మధ్యాహ్నాలు ఇక్కడ సాగవు. ఫ్యాన్ తిరుగుతుంది, కిటికీ పరదా కదులుతుంది, తెల్ల గోడ మీద ఎండ చతురస్రం మంచం కాళ్ళ దాకా వచ్చి వెనక్కి పోతుంది. నేను పనిచేసిన ఆసుపత్రి గుర్తొస్తుంది. నేను రిటైరైన వారంలోనే సూపరింటెండెంటు నా గదిలో నడిపించే కడ్డీలు ఊడదీయించి, విరిగిన కుర్చీలు వేసి తాళం పెట్టించాడు. నా పని ఖరీదు అదీ అని చెప్పకుండానే చెప్పాడు. పోయాడులే. పోయినవాళ్ళతో దెబ్బలాడటం సుఖం, ఎదురు చెప్పరు.

పక్క మంచం లారీ డ్రైవర్. వెన్ను దెబ్బతిని నడుం కిందంతా పోయింది. యంత్రం విప్పితే నిలబడలేడు, ఎప్పటికీ నిలబడలేడని వాడికీ తెలుసు. అయినా పొద్దున్నే తల దువ్వుకుని పెళ్ళికొడుకులా కూర్చుంటాడు. ఎందుకయ్యా అంత సంబరం అంటే, "కుర్చీలో ఉంటే అందరి చొక్కా బొత్తాలే కనిపిస్తాయి సార్. నిలబడితే మొహాలు కనిపిస్తాయి" అన్నాడు. ఈ భవనంలో పనికొచ్చే మాట అదొక్కటే విన్నాను.

వాడికి నోటి దురుసు కూడా ఉంది. మొన్న నన్ను నడిపిస్తుంటే చూసి, "సార్ బండి న్యూట్రల్లో పెట్టి తోయించుకుంటున్నారు" అన్నాడు.

"నడపడం గురించి నాకు చెప్తావా?" అన్నాను.

"నడపడం సంగతి కాదు సార్. తోసేవాళ్ళకి తెలిసిపోతుంది."

శిష్యురాలు స్టూలు మీంచి తలెత్తలేదు. నవ్విందేమో తెలియదు.

నీ టైలరమ్మ విషయం. వద్దని చెప్పు. ఇన్ని వారాలుగా నేను చేయగలిగిందంతా చేస్తున్నాను. గీత ఇంకా నీలంగానే ఉంది. ఈ యంత్రం మనిషిని నడిపించదు, మనిషి నడుస్తున్నట్టు చూపిస్తుంది. ఆ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి చెయ్యి కావాలి. నా దగ్గర కూడా కొంతమంది దొంగ పేషెంట్లు ఉండేవాళ్ళు, కడ్డీల మీద బరువంతా వేసి కాలు ఊరికే ఈడ్చేవాళ్ళు. అరచెయ్యి పెట్టగానే పట్టేసేవాణ్ణి. ఇక్కడ పట్టుకునే చెయ్యి ఏది? వ్యాసంలో నా ముఖ్యమైన వాదన అదే.

వృత్తిపరంగా చెప్తున్నాను, కోపంతో కాదు. ఆవిడని ఇంట్లో కూర్చుని కుట్టుకోమను.

తమ్ముడు


ఇల్లు, కింద గది
జూన్

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. "కోపంతో కాదు" అని రాశావు చూడు, అక్కడే నాకు అనుమానం. కోపం లేనివాడు ఆ మాట రాయడు.

ఎక్స్ఛేంజీలో మాకు ఒకటి అలవాటయ్యేది. మనిషి ఏం మాట్లాడుతున్నాడన్నది వినకూడదు, వినం. కానీ గొంతు చెవిలో పడుతుంది కదా. నిజం చెప్పే గొంతు ఒకలా ఉంటుంది, గెలవడానికి మాట్లాడే గొంతు ఇంకోలా. కాగితం మీద గొంతు వినపడదు, అదీ నా బాధ. అందుకే మళ్ళీ అడుగుతున్నా.

ఆ శిష్యురాలిని కాసేపు మర్చిపో. సూపరింటెండెంటునీ, సంపాదకుణ్ణీ, చప్పట్లనీ మర్చిపో. నీ గుమ్మంలోకి ఒక ఆడమనిషి వచ్చింది, ఒక్కతే ఉంటుంది, కాలు రోజురోజుకీ మాట వినడం మానేస్తోంది. "డాక్టరుగారూ, ఇది తొడుక్కుంటే నాకు ఉపయోగం ఉంటుందా" అని నిన్నే అడిగింది. ఏం చెప్తావు?

ఒక్క ముక్క రాయి చాలు. ఉంటుంది, లేదా ఉండదు. ఆకాశం మబ్బు పట్టింది. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ మనిషిని పంపించారు.

కూరగాయలు పక్కింటావిడ తెచ్చిపెడుతోంది. మంచి మనిషి, మాట్లాడటం మొదలుపెడితే ఆపదు. నిన్ను అడిగానని చెప్పమంది, నిన్ను ఎప్పుడూ చూడకపోయినా.

అక్క


నడక కేంద్రం
జూన్

అక్కా,

ఉండదు.

ఒక్క ముక్క అడిగావు, రాశాను. ఇంకా కాగితం మిగిలింది కాబట్టి మిగతాది.

వ్యాసం అయిపోయింది. పంపేముందు శిష్యురాలికి చదివి వినిపించాను. వెనకనుంచి పొడిచానని రేపు అనకూడదు. నా ముద్ద మాటతో చదవడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ స్టూలు మీద అరచేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక, "బాగుంది సార్. మీ వాక్యం ఇంకా అలాగే ఉంది. పంపించండి" అంది.

"అంతేనా?" అన్నాను.

"ఒక్కటి చేరిస్తే బాగుంటుంది. యంత్రం వంతు అంతా రాశారు. మీ వంతు ఎంతో కూడా రాయండి."

"తెర మీద కనిపిస్తోందిగా, సున్నా."

"అవును సార్. ఎందుకు సున్నానో రాయలేదు" అని లేచి వెళ్ళింది. వెళ్ళేముందు నా దిండు సర్దింది. ఆ దిండు సర్దడం నాకు నచ్చలేదు. ఓడిపోయినవాళ్ళు చేసే పని కాదది.

వ్యాసం ఆయా చేత పంపించేశాను. ఏమీ చేర్చలేదు.

అలసటగా ఉంది. ఏ పనీ చేయని మనిషికి ఇంత అలసట ఎక్కడినుంచి వస్తుందో.

తమ్ముడు


ఇల్లు, కింద గది
జూలై

తమ్ముడూ,

వాన మొదలైంది. కిటికీ రెక్క సరిగా పడటం లేదు, కాగితం మీద చుక్కలు పడితే అది జల్లు, ఇంకేమీ కాదు.

టైలరమ్మ సంగతి ముగిసింది. నీ మాట చెప్పా. ఆసుపత్రివాళ్ళ మనిషి గొడుగు మడుచుకుని గుమ్మంలో నిలబడి, "ఆలోచించుకున్నారా అమ్మా" అని అడిగాడు. వద్దంది. "ఎవరైనా చెప్పారా?" అన్నాడు. తెలిసినవాళ్ళు చెప్పారంది. "తెలిసినవాళ్ళంటే?" అన్నాడు. "ఈ విషయంలో వాడికంటే తెలిసినవాడు లేడు బాబూ" అంది. ఆ అబ్బాయి గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

నువ్వేం బాధపడకు. ఆవిడకి అలవాటే. తొడ మీద చెయ్యి నొక్కుకుంటూ గోడ వారగా వెళ్తుంది, పొయ్యి దాకా వెళ్తుంది, బాత్రూం దాకా వెళ్తుంది. అంతకంటే ఎక్కడికెళ్ళాలి ఈ వయసులో. చెయ్యి ఖాళీ ఉండదు, అదొక్కటే ఇబ్బంది. ఏదీ పట్టుకుని నడవలేదు.

నీ వ్యాసం అచ్చయితే ఒక కాపీ పంపు. కొన్నాళ్ళు నేను ఉత్తరం రాయకపోతే కంగారు పడకు. రాయడానికేం లేదు, అంతే.

అక్క


నడక కేంద్రం, రెండో అంతస్తు
జూలై

అక్కా,

మీ ఎదురింట్లో టైలరమ్మ లేదు. మీ ఎదురిల్లు ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంది. పిచ్చి మొక్కలు మొలిచి పాములొస్తున్నాయని ఆ ఇంటివాళ్ళని తిట్టిపోస్తూ నువ్వే నాకు ఎన్నిసార్లు రాశావో.

ఏప్రిల్‌లో మేడ మీద గదిలోంచి రాశావు. జూన్‌లో కింద గది. మెట్లెక్కడం మానేశావు. టీ కప్పు గదిలోకి తెచ్చుకోవడం మానేశావు. కూరగాయలు పక్కింటావిడ తెస్తోంది. ఒకరు గుమ్మం దాటి నాలుగు అడుగులు వేస్తే చాలు, ఏ కండ పోయిందో చెప్పగలనని గొప్పలు పోయేవాణ్ణి. నువ్వు మూడు ఉత్తరాల్లో నా ముందు నడుచుకుంటూ వెళ్ళావు, నేను చూడలేదు. మూడోదాంట్లో, తొడ మీద చెయ్యి అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ నడక ఈ ప్రపంచంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

నీ ఉత్తరం చదివిన మర్నాడు నన్ను యంత్రంలో పెట్టారు. నాకు నన్ను చూసుకోవాలనిపించింది. అక్కకి అబద్ధం చెప్పినవాడు ఎలా ఉంటాడో చూద్దామని. అద్దం వైపు తల తిప్పాను. మూతి వంకరగానే ఉంది. అనుకున్నంత ఘోరంగా లేదు. కానీ కళ్ళు అక్కడ ఆగలేదు, కిందికి పోయాయి.

ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడ అరచెయ్యి నా ఎడమ మోకాలికి కాస్త పైన, రెండు పట్టీల మధ్య, కండ మీద ఉంది. వేళ్ళు విడదీసి, బొటనవేలు లోపలి వైపు. అలా పెట్టడం నేర్పింది నేనే.

"ఇది ఎప్పటినుంచి?" అన్నాను.

"మొదటి రోజునుంచీ సార్."

"అయితే నేను వేలాడుతున్నానని తెలుసు."

"తెలుసు సార్. నడుం బెల్టు మీద బరువు వదిలేసి తుంటి వెనక్కి పెడుతున్నారు. పేషెంట్లు అలా చేస్తారని మీరే చెప్పేవారు క్లాసులో."

"చెప్పలేదేం మరి?"

"చెప్తే అది కూడా వ్యాసంలో రాసేవారు."

పక్కనుంచి లారీ డ్రైవర్, "నేను చెప్పానుగా సార్" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆవిణ్ణి అడిగాను. చెయ్యి అలిసిపోలేదా అని. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను, పాత మాట తిప్పికొట్టడానికి కాదు.

"బరువు యంత్రం మోస్తోంది కదా సార్. చెయ్యి ఊరికే వింటోంది. సాయంత్రం దాకా వినగలదు" అంది. గుమ్మం బయట బెంచీ చూశాను. ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళందరూ లోపలే ఉన్నారు.

అక్కా, నేను చేయగలిగిందంతా చేస్తున్నానని నీకు రాశాను. ఏమీ చెయ్యలేదు. యంత్రం ఓడిపోవాలని నా కాలు నేనే పడుకోబెట్టుకున్నాను. ఆ రోజు తుంటి ముందుకు పెట్టి, బరువు కాలి మీదికి తెచ్చి, తొయ్యడానికి చూశాను. కాలు ఉన్నట్టే తెలియదు, చీకట్లో తలుపు తోసినట్టు. మూడో నాలుగో ప్రయత్నంలో గీత అడుగున గోరంత పసుపు కనిపించింది. ఆవిడ "ఆఁ, వచ్చింది" అంది. తెర చూసి కాదు. తెర ఆవిడ వెనక ఉంది.

ఇప్పుడు నేను చెప్పేది డాక్టరు మాట అనుకో. చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్ళకి పెద్దతనంలో బాగున్న కాలు కూడా చచ్చుబడటం ఉంటుంది. ఇన్నేళ్ళూ అది రెండు కాళ్ళ చాకిరీ చేసింది. దాన్ని వ్యాయామం పేరుతో తోమితే ఇంకా పోతుంది. క్యాలిపర్ లేని ఆ తొడ మీద నువ్వు నొక్కే ప్రతిసారీ భుజం అరుగుతుంది. బరువు ఇంకొకరు మోయాలి, మిగిలిన కండ మోయగలిగినంతే మోయాలి. ఆ తేలిక రకం యంత్రం చేసే పని సరిగ్గా అదే. పోయిన కాలు తిరిగి ఇవ్వదు. మిగిలినదాన్ని నిలబెడుతుంది. చెయ్యి ఖాళీ చేస్తుంది.

వెళ్ళి సరేనని చెప్పు. ఈ రోజే చెప్పించు.

తమ్ముడు


ఇల్లు, కింద గది
ఆగస్టు

తమ్ముడూ,

నా చోటు వేరే ఎవరికో ఇచ్చేశారు. ఇంకో విడత ఉంటుందట, ఎప్పుడో తెలీదట. కావాలంటే పేరు రాయించుకోమన్నారు. రాయించుకోలేదు.

నాకని ఎందుకు చెప్పలేదంటావా? నాకంటే, అక్క కదా అని జాలిపడి సరే అనేవాడివి. పరాయిదానికైతే నిజం చెప్తావనుకున్నా. నీ పనిలో నువ్వు ఎవరికీ అబద్ధం చెప్పగా నేను వినలేదు. ఆ ఒక్కదాన్ని నమ్ముకునే బతిమాలుకున్నా నిన్ను, రెండుసార్లు.

కోపం లేదురా. కోపానికి కూడా కాళ్ళుండాలి, లేచి అటూ ఇటూ తిరగడానికి.

ఇప్పుడు వెళ్ళమంటున్నావు. జూన్‌లో నీ మాట విని వద్దన్నా, ఆగస్టులో నీ మాట విని సరే అనాలి. నేనేమైనా తలుపునా, నువ్వు తోస్తే తెరుచుకుని లాగితే మూసుకోడానికి? జీవితమంతా చెవిలో మాటలే పోయించుకున్నాను, ఇంక మాటలు వద్దు. నీ కాలు నిజంగా పనిచేస్తోందని నా కంటికి కనపడేది ఏదైనా పంపు. ఫోటో వద్దు. బెల్టు కట్టి గుంజని కూడా నిలబెట్టి ఫోటో తియ్యొచ్చు.

అది వచ్చిన రోజు పేరు రాయిస్తా. రాకపోతే గోడ ఉంది, తొడ మీద చెయ్యి ఉంది.

అక్క


నడక కేంద్రం, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం
డిసెంబరు

అక్కా,

ఇన్నాళ్ళు రాయలేదు. మాటలు వద్దన్నావు కాబట్టి.

వ్యాసం ఆపమని పత్రికకి రాశాను. అప్పటికే అచ్చయిపోయిందట. ఈసారి ఒక్క వాక్యం కూడా కత్తిరించలేదు, మొదటి పేజీలోనే వేశారు. జీవితంలో ఒక్కసారి ఆ సంపాదకుడు నేను కోరినట్టు చేశాడు. తర్వాతి సంచికకి రెండోది పంపాను, అందులో నా వంతు రాశాను. దాన్ని ఏ మూల వేస్తారో చూడాలి. శిష్యురాలు రెండూ చదివి, "మొదటిదే బాగా రాశారు సార్" అంది. నిజమే. కోపంలో నా వాక్యం నడుస్తుంది.

డ్రైవర్ ఇంటికెళ్ళిపోయాడు, కుర్చీలోనే. గుమ్మం దగ్గర నన్ను చూసి "గేరు వెయ్యండి సార్" అని వెళ్ళాడు. పక్క మంచం ఖాళీ.

గీతలో పసుపు ఇప్పుడు సగానికి కాస్త తక్కువ. వారం క్రితం యంత్రం విప్పి కర్ర ఇచ్చారు. నడుస్తాను. చూడటానికి బాగుండదు. కాలు సున్నా చుట్టినట్టు తిరిగొచ్చి పడుతుంది, నా దగ్గర చదివే పిల్లలెవరైనా అలా నడిపిస్తే మార్కులు వేసేవాణ్ణి కాదు. చాలా అలిసిపోతాను. కానీ ఈ అలసట వేరు, దీనికి కారణం తెలుసు.

నీకు ఏం పంపాలా అని చాలా ఆలోచించాను. చివరికి ఇది తట్టింది. ఈ ఉత్తరం ఆయాకి ఇవ్వను. నేనే తీసుకెళ్ళి నడవా చివర డబ్బాలో వేస్తాను. శిష్యురాలు వెనకే వస్తానంది. చెయ్యి పెట్టవద్దన్నాను. "పెట్టను సార్, కానీ వెనకుంటాను" అంది.

ఒకటే చిక్కు. కుడి చేతిలో కర్ర ఉంటుంది. ఎడమ చెయ్యి ఇంకా దేన్నీ పట్టుకోదు. జేబులో పెట్టుకుంటే నీకు కనపడేది ఏమీ ఉండదు. అందుకని కవరు పళ్ళతో పట్టుకుని వెళ్తున్నాను. పై వరస కట్టుడు పళ్ళు, కింది వరస నా సొంతం. అంచు మీద గాట్లు ఉంటాయి, రెండు రకాలు. ఎలక కొట్టిందనుకోకు. వేలు పెట్టి తడిమి చూడు, మంచం దగ్గర్నుంచి డబ్బా దాకా ఉన్న దూరమంతా ఆ గాట్లలో ఉంటుంది.

అవి చూశాక వెళ్ళి పేరు రాయించు. నీ చెయ్యి ఖాళీ అయిన రోజున వస్తాను, కర్రతోనే. ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి ఇద్దువుగాని. ఈసారి తాగుతాను.

లేస్తున్నాను.

తమ్ముడు